సార్కోమాకు రేడియేషన్: ఆపరేషన్‌కు ముందా, తర్వాతా?

తొడలో లోతుగా పెరిగి ఐదు సెంటీమీటర్లు దాటిన, ఉధృతి ఎక్కువగా ఉన్న మెత్తటి కణజాల సార్కోమాకు (కండ, కొవ్వు వంటి వాటిలో పుట్టే క్యాన్సర్‌కు) కాలు తీసేయడం ఇప్పుడు మొదటి మార్గం కాదు. కణితిని చుట్టూ ఉన్న కొంత మంచి కండతో సహా తొలగించి రేడియేషన్ ఇస్తే, కాలు తీసేయించుకున్నవారితో సమానంగానే రోగులు బతుకుతున్నారని అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ వైద్యులు 1982లోనే చూపించారు. ఇక మిగిలింది ఏది ముందన్న ప్రశ్నే.

ముందు ఇచ్చే రేడియేషన్ సాధారణంగా 50 గ్రే (రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం), అంటే వారానికి ఐదు రోజుల చొప్పున 25 విడతలు. తర్వాత ఇస్తే 60 నుంచి 66 గ్రే వరకు అవసరమవుతుంది. పైగా కత్తి పడిన చోటంతా, కుట్ల మచ్చతో సహా, కిరణాల కిందికి వస్తుంది. 2002లో వెలువడిన కెనడా అధ్యయనంలో ముందు తీసుకున్నవారిలో 35 శాతం మందికి, తర్వాత తీసుకున్నవారిలో 17 శాతం మందికి గాయం మానడంలో చిక్కులు వచ్చాయి. కణితి తిరిగి రాకుండా ఆపడంలో మాత్రం రెండూ సమానమే. అయితే ఏళ్లు గడిచాక కండ గట్టిపడటం, కీలు బిగుసుకోవడం తర్వాత తీసుకున్నవారిలోనే ఎక్కువ.

నా మొగ్గు ముందు రేడియేషన్ వైపే. ఆలస్యంగానైనా పుండు మానుతుంది గానీ, బిగిసిన మోకాలుతో అనంతపురం వేరుశనగ చేలో గొంతుక్కూర్చుని కలుపు తీయడం జన్మంతా కష్టమే. కడప నుంచి తిరుపతికో, అనంతపురం నుంచి బెంగళూరుకో వెళ్లి గది అద్దెకు తీసుకునేవారికి విడతలు తగ్గడమూ చిన్న విషయం కాదు. (ఏ చికిత్స ఏ పథకం కిందికి వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను మొదటి రోజే అడగాలి.) షుగరు అదుపులో లేనివారికి, కణితి పగిలి రక్తం కారుతున్నవారికి ముందు ఆపరేషనే మేలు కావచ్చు.

కీమోథెరపీ అందరికీ ఒకే తీరుగా పనిచేయదు. వ్యాధి ఊపిరితిత్తులకు పాకితే సాధారణంగా దానికే పెద్దపీట. డాక్సోరుబిసిన్ అనే కీమో మందు గుండెను దెబ్బతీయగలదు కాబట్టి ముందుగా ఎకో (గుండె స్కాన్) తీస్తారు. ఎముకలో పుట్టే ఆస్టియోసార్కోమా లెక్క వేరు: అక్కడ ఆపరేషన్‌కు ముందూ తర్వాతా కీమోదే ప్రధాన పాత్ర, రేడియేషన్‌ది స్వల్పం.

ఎంఆర్ఐ, బయాప్సీ (గడ్డలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) లేకుండా కొవ్వుగడ్డ అనుకుని ఎక్కడో కోసేస్తే ఈ ఎంపికకే చోటు తగ్గిపోతుంది. పాత కోతంతా మళ్లీ తీయాల్సి వస్తుంది. బయాప్సీ సూది సైతం రేపటి ఆపరేషన్ కోత పడే గీతలోనే దిగాలి కనుక, ఆ ఆపరేషన్ చేయబోయే వైద్యుడి సలహాతోనే దాన్ని చేయించుకోవాలి.