ఆట సంగీతం ఆర్కెస్ట్రాకు: ఉన్నదున్నట్టు రాయాలా, పెంచి రాయాలా?

వీడియో గేమ్ బాణీని ఆర్కెస్ట్రాకు రాయాలని కూర్చుంటే మొదటి పేజీలోనే చిక్కు వస్తుంది. బాణీని చెక్కుచెదరకుండా వాయిద్యాలకు పంచాలా? లేక దాన్ని పల్లవిగా పట్టుకుని సొంతంగా అల్లుకుంటూ పోవాలా?

రెండు దారుల్లోనూ పెద్దలు నడిచారు. 1987లో టోక్యోలోని సంటరీ హాలులో సంగీతకర్త కోయిచి సుగియామా ‘డ్రాగన్ క్వెస్ట్’ అనే ఆటకు తాను కట్టిన సంగీతాన్ని ఆర్కెస్ట్రాతో వినిపించారు. కోటకు ఒక భాగం, ఊరికి ఒకటి, పోరుకు ఒకటి. ఆట ఆడినవారు ఎత్తుగడలోనే గుర్తుపట్టేస్తారు. 2009లో జర్మనీలోని కొలోన్‌లో జరిగిన ‘సింఫోనిక్ ఫాంటసీస్’ కచేరీలో మాత్రం బాణీలను విడివిడిగా కాక సుదీర్ఘమైన రచనలుగా మలిచారు. ‘క్రోనో ట్రిగ్గర్’, ‘క్రోనో క్రాస్’ అనే రెండు ఆటల బాణీలను ఒకే రచనలో పెనవేశారు.

వినడానికి నాకు రెండోదంటేనే ప్రాణం. అయినా కొత్తగా రాసేవారికి మొదటిదే మేలంటాను. అది సులువని కాదు. ‘ఉన్నదున్నట్టు’ అనడంలోనే అసలు పరీక్ష ఉంది.

ఫామికామ్ అనే పాత వీడియో గేమ్ యంత్రాన్నే తీసుకోండి. అందులో స్వరాలు పలికించడానికి ప్రధానంగా ఉన్న దారులు మూడే. ఒకటి రాగానికి, ఒకటి మంద్రానికి పోతే మిగిలేది ఒక్కటి. అందుకే మూడు స్వరాలు కలిసి మోగాల్సిన చోట వాటిని ఒకదాని వెంట ఒకటి గబగబా దొర్లించేవారు. ఆర్కెస్ట్రాలో ఆ ఇబ్బంది లేదు. మూడు ఫ్రెంచ్ హార్న్‌లకు తలా ఒక స్వరం ఇస్తే నిండుగా పలుకుతుంది. కానీ ఆ గలగల తీసేసిన మరుక్షణం ఆట ఆడినవారికి ఏదో పోయినట్టుంటుంది. ఇరుకులోంచి పుట్టిన ఆ గలగలే వారికి బాణీలో భాగమైపోయింది. నేనైతే హార్న్‌లకు నిలకడ స్వరాలిచ్చి, గలగలను హార్ప్‌కు సన్నగా అప్పగిస్తాను.

ఇక బాణీ మళ్లీ మళ్లీ రావడం. ఆటలో బాణీ ఎన్నిసార్లు తిరిగినా విసుగు రాదు, ఎందుకంటే మన చేతులకు పని ఉంటుంది. సభలో కూర్చుని వినేవారికి మూడోసారికే చూపు పక్కకు పోతుంది. ఇక్కడ మన కీర్తనల దారి అక్కరకొస్తుంది. పల్లవిని సంగతి మీద సంగతి వేసి పాడినట్టు, మొదటిసారి వయొలిన్లు నేరుగా పలికిన వరుసను రెండోసారి సెల్లోలకు దించి, పైన ఫ్లూట్‌తో చిన్న అల్లిక వేయవచ్చు. బాణీ చెడదు, వినికిడి మారుతుంది.

రాశాక ఎవరికి వినిపించాలి? ఆట తెలిసినవారికా, తెలియనివారికా? తెలిసినవారు ప్రేమగా వింటారు, కానీ సగం తమ జ్ఞాపకాన్నే వింటారు. వేగం తగ్గిందనో, ఫలానా మలుపు పోయిందనో వారు అంటే నమ్మాలి. బాగుందంటే మాత్రం తొందరపడకూడదు. తెలియనివారి చెవిని ముందు అడగడమే నా పద్ధతి. ‘ఎలా ఉంది’ అని అడగను, ‘ఎక్కడ ధ్యాస తప్పింది’ అని అడుగుతాను. నిమిషం, సెకను చెప్పగలిగితే ఇంకా మంచిది.

కంప్యూటర్‌లో చేసిన నమూనా వినిపించినప్పుడు మరో ప్రమాదముంది. అసలు ఫ్లూట్ కింది స్థాయిలో మెత్తగా పలుకుతుంది, ట్రంపెట్లు మోగితే మునిగిపోతుంది. నమూనాలో శబ్దం పెంచేస్తే చక్కగా వినబడుతుంది, అందరూ మెచ్చుకుంటారు. ఆ మెప్పు సభలో నిలవదు. అందుకే వంద మంది శ్రోతల అభిప్రాయంతో పాటు, వాయిద్యం చేతపట్టే ఒక్కరి మాటైనా కావాలి.

నాకు ఆ మాట చెప్పినది మా ఊరి పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించే పెద్దాయన. వీడియో గేమ్ ఆయన ఎన్నడూ ఆడలేదు. ఫోనులో నా నమూనా చివరిదాకా విని, క్లారినెట్ వరుస దగ్గర మళ్లీ వేయమన్నారు. వేళ్లు మోకాలి మీద ఆడిస్తూ విని, “ఇందులో ఊపిరి ఎక్కడ తీసుకోవాలి బాబూ?” అన్నారు. పన్నెండు ఆవర్తాల వరుస అది. యంత్రానికి ఊపిరి అక్కర్లేదు కనుక నేనూ మరచిపోయాను. ఆ రాత్రే దాన్ని మూడు ముక్కలు చేసి, నడిమి ముక్కను ఓబోకు ఇచ్చాను.