అమీర్‌పేటలో బిజినెస్ మెయిల్ ఐడీ చేయించుకోబోతున్నారా? ముందు నా గోడు వినండి

కోపంలో రాస్తున్నాను, అక్షరదోషాలుంటే మన్నించండి. మంగళవారం పొద్దున్నుంచి మా కంపెనీ మెయిల్ ఐడీలు మూడూ పనిచేయడం లేదు. ఇవాళ శుక్రవారం. షాపు పేరు రాయను. అమీర్‌పేటలో వెబ్‌సైటు, డొమైన్ (మెయిల్ ఐడీలో @ తర్వాత వచ్చే పేరు), మెయిల్ అన్నీ కలిపి 'ఒకే ప్యాకేజీ' అంటూ బోర్డు పెట్టుకున్న ఆ రెండో అంతస్తు మనలో చాలామంది ఎక్కిందే. ఎక్కనివాళ్లు అదృష్టవంతులు.

మాది జీడిమెట్లలో అట్టపెట్టెల యూనిట్. మూడు ప్లై, ఐదు ప్లై (పొరల) పెట్టెలు చేస్తాం, పదకొండు మంది పనివాళ్లు. చాలా ఏళ్లు జీమెయిల్ ఐడీతోనే నెట్టుకొచ్చాం. అది మా బావమరిది కొడుకు పెట్టిన ఐడీ, చివర వాడి పుట్టినరోజు అంకెలు. మేం పెట్టెలిచ్చే ఒక మందుల కంపెనీలో పర్చేజ్ చూసే ఆయన, 'ఫ్రీ మెయిల్‌కి పీవో, అంటే పర్చేజ్ ఆర్డర్, పంపొద్దని ఆడిట్ వాళ్లు అంటున్నారండీ, కంపెనీ పేరు మీద ఒకటి చేయించుకోండి' అన్నాడు. నిరుడు జూన్‌లో చేయించుకున్నాను. 14,500. ఆ రోజు అబ్బాయి చాయ్ తెప్పించాడు, ఉస్మానియా బిస్కెట్లు కూడా. మాటకు ముందు సార్, మాటకు వెనక సార్.

ఇక పేరు పెట్టడం. మా ఫర్మ్ పేరులో ముందు శ్రీ, వెనక లక్ష్మి. ఇంగ్లీషులో శ్రీకి ఎస్ ఆర్ ఐ, ఎస్ ఆర్ డబుల్ ఈ, మధ్యలో హెచ్ వేసి మళ్లీ అవే రెండు. లక్ష్మికి కె ఎస్ హెచ్ ఒకటి, ఎక్స్ ఒకటి. నాలుగు రెళ్లు ఎనిమిది. జీఎస్టీ సర్టిఫికెట్లో ఒక రకం, బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంకో రకం, గేటు బోర్డు మీద మూడో రకం. పెయింటర్ ఎలా రాస్తే అలా ఉండనిచ్చాం. ఎనిమిదింట్లో ఏది పెట్టాలని నేనూ మా ఆవిడా వారం కొట్టుకున్నాం. మాకు కావాల్సింది ఎవరో తీసుకున్నారన్నాడు షాపు అబ్బాయి. 'మధ్యలో గీత పెడదాం సార్, ప్రొఫెషనల్‌గా ఉంటుంది' అన్నాడు. నేను తలూపాను.

ఆ గీతతో పడిన పాట్లు ఒక్కటి చెబుతాను. ఫోన్లో ఐడీ చెబుతుంటే ఒక స్టోర్స్ అమ్మాయికి హైఫన్ అంటే అర్థం కాలేదు. 'మధ్యలో గీత అమ్మా' అన్నాను. 'గీత మేడమ్ గారి ఐడీనా సార్?' అంది. నవ్వుకున్నాం గానీ, గీత లేని పేరు ఇంకెవరిదో కదా, ఎన్ని కొటేషన్ ఎంక్వయిరీలు వాళ్లకు పోయాయో లక్ష్మీదేవికే తెలియాలి. ఫోన్లో ఒక్కసారి చెబితే అవతలివాడు తప్పు లేకుండా రాసుకోలేని పేరు వద్దే వద్దు. ఆ పాఠం అప్పుడే నేర్చుకున్నాను. అసలు పాఠం ఇంకా ముందుంది.

మంగళవారం పదింటికి ఆ పర్చేజ్ ఆయనే ఫోన్ చేశాడు. 'ఏమండీ, మెయిల్ వెనక్కొస్తోంది, యూనిట్ మూసేశారా?' అన్నాడు. నా గుండె జారింది. పన్నెండు వేల పెట్టెల పీవో అది. సైజులు, జీఎస్ఎం (కాగితం మందం కొలత), ప్రింటింగ్ అన్నీ అందులోనే. పాత జీమెయిల్‌కి పంపండి అంటే, వెండర్ మాస్టర్‌లో, అంటే వాళ్ల సప్లయర్ల జాబితాలో, ఉన్న ఐడీకే సిస్టమ్ పంపుతుందట. ఐడీ మార్చాలంటే లెటర్‌హెడ్ మీద రాసి, సంతకం, స్టాంపు వేసి పంపాలట. ఆ లెటర్‌హెడ్ మీద ఉన్నదీ చచ్చిన ఐడీయే, అది వేరే సంగతి.

షాపుకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మధ్యాహ్నం ఒక మెసేజ్ వచ్చింది, రిన్యూవల్ ప్లస్ మెయింటెనెన్స్ 38,000 అని. మొదటేడాది 14,500, రెండో ఏడాది 38,000! బండి తీసి నేరుగా వెళ్లాను.

అక్కడ జరిగింది వరసగా రాస్తాను, ఎందుకంటే రాత్రి నిద్రలో కూడా అదే తిరుగుతోంది. కూర్చోమనలేదు. నేనే కుర్చీ లాక్కుని కూర్చున్నాను. 'బాబూ, నాకు నీ మెయింటెనెన్స్ వద్దు, నా డొమైన్ నాకిచ్చెయ్, నేను వేరేచోట పెట్టుకుంటాను' అన్నాను, మెల్లగానే. స్క్రీన్ మీంచి కళ్లెత్తకుండా అన్నాడు: 'మీ డొమైన్ ఏంది అంకుల్? అది మా అకౌంట్లో, మా పేరు మీద ఉంది. మీరు కొన్నది సర్వీస్. బిల్లు చూస్కోండి.'

అంకుల్! ఏడాది కింద సార్‌ని, ఇప్పుడు అంకుల్‌ని. బిల్లు చూశాను. 'వెబ్ సర్వీసెస్, ఒక సంవత్సరం'. అంతే. డొమైన్ అన్న మాటే లేదు. నేనే సంతకం పెట్టి, నేనే జీపే కొట్టి, నేనే థ్యాంక్స్ చెప్పి వచ్చిన బిల్లు అది. 'సరే, పేరు వదిలేయడానికి ఎంత?' అంటే 60,000 అన్నాడు. దానికి పేరు కూడా పెట్టాడు, రిలీజ్ ఛార్జీ. పక్కన కూర్చున్న ఇంకో కుర్రాడు నవ్వాడు. ఆ నవ్వుంది చూశారూ, 60,000 కంటే అదే ఎక్కువ మండుతోంది. నీళ్లు కూడా అడగకుండా మెట్లు దిగాను.

ఇంటికొచ్చాక మా ఆవిడ హూఈజ్‌లో వెతికింది. డొమైన్ ఎవరి పేరు మీద ఉందో చూపించే పేజీ అది, ఎవరైనా ఫ్రీగా చూడొచ్చు. రిజిస్ట్రెంట్ ఆర్గనైజేషన్, అంటే సొంతదారు, అన్నచోట మా ఫర్మ్ లేదు, వాళ్ల షాపు ఉంది. అంతకంటే ఘోరం, గడువు తేదీ ఇంకో ఏడాది ముందుకు జరిగి ఉంది. అంటే రిన్యూ ఎప్పుడో చేసేశాడు. మాలాంటి డాట్ ఇన్ పేరుకి ఏడాదికి వెయ్యి అటూఇటూ అవుతుంది. అది కట్టేసి, మెయిల్ స్విచ్ మాత్రం ఆపేసి, 38,000 అడుగుతున్నాడన్నమాట.

నేను నిజాంపేటలో 150 గజాల ప్లాటు కొన్నప్పుడు ఈసీ తీయించాను. లింకు డాక్యుమెంట్లు లాయరుకి చూపించాను. హద్దురాళ్లు స్వయంగా లెక్కపెట్టాను. ఇక్కడ మాత్రం ఎస్ ఆర్ ఐనా, డబుల్ ఈనా అని వారం బుర్ర బద్దలు కొట్టుకున్నానే తప్ప, రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద అని ఒక్కమాట అడగలేదు. డొమైన్ అంటే ప్లాటు, మెయిల్ అంటే దాని మీద కట్టిన ఇల్లు. నేను వాడి ప్లాటులో ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేశాను. మా ఆవిడ ఈ మాట మూడు రోజుల్నుంచి వేరువేరు రకాలుగా చెబుతోంది.

మెయిల్ ఒక్కటే కాదు పోయింది. జీఎస్టీలో, ఉద్యమ్‌లో (చిన్న పరిశ్రమల రిజిస్ట్రేషన్), బ్యాంకులో అన్నిచోట్లా ఉత్సాహంగా కొత్త ఐడీనే ఇచ్చాను. ఇప్పుడు జీఎస్టీలో మార్చాలంటే అథరైజ్డ్ సిగ్నేటరీ (ఫర్మ్ తరఫున సంతకం పెట్టేవాడు) వివరాల్లో నాన్-కోర్ అమెండ్‌మెంట్ అనే సవరణ పెట్టుకోవాలి. అసలు భయం వేరే. డొమైన్ ఎవడి చేతిలో ఉంటే వాడు అదే పేరుతో మెయిల్ బాక్స్ మళ్లీ తెరవగలడు. 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' నొక్కితే లింకు వాడికే పోతుంది. మా పేరుతో, మా దగ్గర కొనే పార్టీలకు 'బ్యాంకు అకౌంట్ మారింది, ఇందులో వేయండి' అని పంపితే? అలా చేస్తాడని నేననడం లేదు. చేయగలడు, అంతే. అందుకే బుధవారమంతా కూర్చుని పార్టీలందరికీ ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను, ఆ ఐడీ నుంచి ఏమొచ్చినా నమ్మొద్దని. పాత మెయిల్స్‌లో కొన్ని మా ఆవిడ కంప్యూటర్లో అవుట్‌లుక్‌లో దిగి ఉన్నాయి కాబట్టి బతికాం. ఫోన్లో చూసుకునేవి మాత్రం సర్వర్‌తో పాటే పోయాయి.

1930కి ఫోన్ చెయ్యమని ఒకరన్నారు. అది ఆన్‌లైన్లో డబ్బు కొట్టేసినప్పటి నంబరు. నేను కొట్టేయించుకోలేదు, చేతులారా ఇచ్చాను. కన్స్యూమర్ ఫోరం అన్నారు ఇంకొకరు. వ్యాపారం కోసం కొన్నవాడు ఆ చట్టంలో కన్స్యూమర్ కిందికి రాడు, పొట్టకూటికి స్వయం ఉపాధి చేసుకునేవాడికి మినహాయింపు ఉంది. పదకొండు మందికి జీతాలిచ్చేవాణ్ణి అందులో ఇరికించగలరేమో లాయరు చూస్తానన్నాడు. డాట్ ఇన్ పేర్ల తగాదాలకు, ఆ పేర్లు చూసుకునే సంస్థ నిక్సీ దగ్గర వేరే పద్ధతుంది గానీ, అక్కడ పేరు మీద మన హక్కు చూపించాలి. ట్రేడ్‌మార్క్ తీసుకోవయ్యా అని మా సీఏ ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నాడు. ఆ మాటా వినలేదు.

సరే, చేయించుకునేవాళ్లకు నాలుగు మాటలు, తర్వాత నా పని చూసుకుంటాను. డొమైన్ మీరే కొనండి, మీ లాగిన్, మీ ఫోన్ నంబరు, మీ డబ్బు. ఆ లాగిన్‌కి ఇచ్చే మెయిల్ అదే డొమైన్‌ది కాకూడదు, లేకపోతే రెండూ ఒకేసారి పోతాయి. సైటు చేసే కుర్రాడికి పని చేసుకునేంత తాళం ఇవ్వండి, ఇల్లు రాసివ్వకండి. ఇప్పటికే వేరేవాళ్లతో చేయించినవాళ్లు ఈ రాత్రే హూఈజ్‌లో పేరు చూసుకోండి. వాళ్ల పేరుంటే, మాటలు బాగున్నప్పుడే ఆథ్ కోడ్ (డొమైన్ మార్చుకోవడానికి కావాల్సిన కోడ్) అడిగి మీ అకౌంట్లోకి మార్చుకోండి.

నిన్న రాత్రి కొత్త పేరు నేనే కొన్నాను. శ్రీ లేదు, లక్ష్మి లేదు, గీత లేదు. ఏడక్షరాలు. స్టోర్స్ అమ్మాయికి ఫోన్లో చెప్పి చూశాను, మొదటిసారికే సరిగ్గా రాసుకుంది. పీవో ఇంకా రాలేదు. పాత ఐడీ కొట్టించిన విజిటింగ్ కార్డులు తొమ్మిది వందలు మిగిలాయి. వెనకవైపు ఖాళీయే కాబట్టి పెట్టెల కొలతలు రాసుకోవడానికి ఫ్లోర్‌లో పనివాళ్లకిచ్చేశాను.