మాగబెట్టడానికి ఏది మేలు: బోర్డోనా, కోట్ దు రోనా?

ప్రతి ఏడూ సెప్టెంబరులో ఫ్రాన్స్‌లోని సూపర్ మార్కెట్లన్నీ వైన్ సంతలు పెడతాయి. ఆ రెండు మూడు వారాలు ఇక్కడి తెలుగు మిత్రుల నుంచి నాకు ఒకే ప్రశ్న వస్తుంది. సీసాల వరుస ముందు నిలబడి ఫోటో తీసి పంపుతూ, "అన్నా, పది పన్నెండు యూరోల్లో కొని ఐదారేళ్లు దాచుకోదగినది వీటిలో ఏది?" అని అడుగుతారు. ఫోటోలో దాదాపు ఎప్పుడూ రెండు రకాలే ఉంటాయి: ఒకటి బోర్డో సుపీరియర్ (నైరుతి ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు వైన్), మరొకటి కోట్ దు రోన్ (ఆగ్నేయాన రోన్ నది లోయది). లియోన్‌లో ఉంటున్నాను కనుక, రోన్ నది మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలోనే పారుతుంది కనుక, నేను రెండోదాన్నే సమర్థిస్తానని చాలామంది అనుకుంటారు. రెండింటినీ ఏళ్ల తరబడి పక్కపక్కన పెట్టి రుచి చూసిన తరువాత నాకు ఏర్పడిన అభిప్రాయం మాత్రం వేరు.

రెండూ ఒకే ద్రాక్షతో కాక, రెండు మూడు జాతులు కలిపి చేసే ఎర్ర వైన్లే. బోర్డోలో మెర్లో, కాబెర్నే సోవిన్యోన్, కాబెర్నే ఫ్రాన్ ప్రధానమైతే, కోట్ దు రోన్‌లో గ్రెనాష్, సిరా, మూర్వెద్ర్ ప్రధానం. (మన రైతులు పైర్లకు కొట్టే బోర్డో మిశ్రమం ఈ బోర్డో పేరు మీదిదే, మైలుతుత్తం, సున్నం కలిపిన ఆ మందు 1880లలో అక్కడి ద్రాక్షతోటల్లో బూజు తెగులును ఆపడానికి పుట్టింది.) ఈ ధరలో దొరికే వైన్లలో ఎక్కువ భాగం కొన్న రెండు మూడేళ్లలో తాగడానికి తయారైనవే, వాటిని దాచినంత మాత్రాన అవి మెరుగుపడవు. కనుక ఏది ఎక్కువ కాలం చెడకుండా ఉంటుందన్నది ఒక ప్రశ్న, ఏది కాలంతో పాటు మెరుగవుతుందన్నది మరొక ప్రశ్న. మిత్రులు అడుగుతున్నది రెండోదే అయినా, సాధారణంగా వాళ్లకు దొరికే జవాబు మొదటిదానికి.

నా దృష్టిలో దీన్ని తేల్చేది ధర కాదు, సీసా మీది కోట బొమ్మ కాదు, వగరు. వైన్ భాషలో టానిన్ అనే పదార్థానికి మన షడ్రుచులలో ఎప్పటి నుంచో చోటు ఉంది. పచ్చి అరటికాయ కొరికినా, నేరేడు పండు తిన్నా నాలుక మీద, చిగుళ్ల మీద ఏదో బిగుసుకుపోయినట్లు అనిపిస్తుందే, అదే ఇది. ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి, కొంతవరకు ఓక్ పీపాల నుంచి ఇది వైన్‌లోకి దిగుతుంది. కాలం గడిచేకొద్దీ టానిన్లు ఒకదానితో ఒకటి, తొక్కల రంగుతోనూ కలిసి పెద్ద అణువులుగా మారతాయి. వాటిలో కొన్ని అడుగుకు చేరి మడ్డి అవుతాయి. అందుకే పాత వైన్‌లో వగరు మెత్తబడుతుంది, ఊదా రంగు పోయి ఇటుక రంగు వస్తుంది. కొద్దికొద్దిగా తగిలే గాలికి వైన్ పాడైపోకుండా అడ్డుపడేది కూడా ఈ టానిన్లే. మొదట వగరే లేని వైన్‌లో మెత్తబడడానికి ఏమీ ఉండదు, దాన్ని కాపాడేదీ తక్కువే. అయితే వగరు ఒక్కటే చాలదు. దానికి పులుపు తోడుండాలి, ఆ రెండింటి కింద పండు రుచి గట్టిగా నిలబడి ఉండాలి. పండు లేని వగరు ఎన్నేళ్లు దాచినా వగరుగానే మిగులుతుంది, అప్పటికి ఉన్న కాస్త పండు కూడా పోతుంది.

2018 శరత్తులో 2016 పంటవే ఈ రెండు రకాల సీసాలు ఆరేసి కొన్నాను. రెండు ప్రాంతాలలోనూ 2016 చాలా మంచి ఏడు కనుక పోలిక న్యాయంగా ఉంటుందనుకున్నాను. ధర కూడా ఇంచుమించు ఒకటే, సీసా పది యూరోల లోపు. మొదటి జత తెరిచిన సాయంత్రం ఏకగ్రీవంగా కోట్ దు రోన్‌కే ఓటు పడింది. ఎర్రని బెర్రీల వాసన, దాని వెనుక మిరియాల ఘాటు, నోటిలో నిండుగా, కాస్త తియ్యగా అనిపించే వెచ్చదనం. పక్కనే ఉన్న బోర్డో ముడుచుకుని ఉంది. నల్లద్రాక్ష తొక్క నమిలినట్లు వగరు, లోపల పండు ఉన్నట్లు తెలుస్తోంది కానీ బయటికి రావడం లేదు. మా ఇంటికి వచ్చిన దంపతులు ఆ గ్లాసును సగంలోనే పక్కన పెట్టేశారు.

ఆరేళ్ల తరువాత మరో జత తీశాను. రెండు గ్లాసులనూ తెల్ల కాగితం మీద వంచి చూస్తే, కోట్ దు రోన్ అంచు వెలిసిపోయి నారింజ ఛాయకు తిరిగింది. వాసనలో బెర్రీల స్థానంలో ఎండు అంజీరం, కాస్త కాచిన బెల్లం పాకం. మింగిన తరువాత సారాయి వేడి ఒక్కటే గొంతులో మిగిలింది. చెడిపోయిందని అనలేను, కానీ దాని మంచి రోజులు రెండు మూడేళ్ల కిందటే గడిచిపోయాయి. బోర్డో అంచున మాత్రమే ఇటుక రంగు, నడిమి భాగం ఇంకా చిక్కని ఎరుపు. వాసనలో దేవదారు చెక్క, పొగాకు, వాన పడిన తరువాత రాలిన ఆకుల కింద నేల, వాటి మధ్య నల్లని పండు ఇంకా సజీవంగా ఉంది. వగరు లేకపోలేదు, కానీ పట్టు గుడ్డ మీద వేలు రాసినంత నునుపుగా ఉంది. ఆ సాయంత్రం మొదట ఖాళీ అయినది ఆ సీసాయే.

ఈ తేడాకు కారణం ద్రాక్షలోనే ఉంది. గ్రెనాష్ తొక్క పల్చన, రంగు తక్కువ, గాలి తగిలితే త్వరగా వాడిపోయే స్వభావం. ఎండకు బాగా పండి చక్కెర ఎక్కువ కూడుకుంటుంది కనుక పద్నాలుగు, పద్నాలుగున్నర శాతం ఆల్కహాలు వస్తుంది, పులుపు తగ్గుతుంది. కాబెర్నే సోవిన్యోన్ దీనికి పూర్తి వ్యతిరేకం: చిన్న పండ్లు, మందమైన తొక్క, పండు పరిమాణానికి గింజ ఎక్కువ. రసానికి తొక్క, గింజల పాలు ఎక్కువైనప్పుడు వగరు, రంగు సహజంగానే ఎక్కువవుతాయి. కోట్ దు రోన్‌కు అన్యాయం చేయకుండా ఒక మాట చెప్పాలి. సిరా, మూర్వెద్ర్ ఎక్కువ పాళ్లలో ఉన్నవీ, విలాజ్ అని రాసి ఊరి పేరు కూడా ఉన్నవీ ఆరేడేళ్లు నిక్షేపంగా ఉంటాయి. ఈ వారమో, వచ్చే ఏడాది పండగకో తెరవాలనుకుంటే ఆ డబ్బుకు కోట్ దు రోన్ కంటే సంతోషపెట్టే సీసా మరొకటి నాకు తెలియదు.

అలాగని బోర్డో అని రాసి ఉన్న ప్రతిదీ మాగదు. వట్టి బోర్డో పేరుతో వచ్చే చవక సీసాలు చాలావరకు మెర్లోతో, త్వరగా తాగేయడానికి చేసినవే. సీసా వెనుక కాగితం తిప్పి చదవండి: కాబెర్నే సోవిన్యోన్ పాలు మూడో వంతుకు తగ్గకుండా ఉంటే, పీపాల్లో ఏడాది పాటు ఉంచినట్లు రాసి ఉంటే ఆశ పెట్టుకోవచ్చు. మరో మూడు నాలుగు యూరోలు పెట్టగలిగితే బోర్డోలోనే మెదోక్, ఓ-మెదోక్ (Haut-Médoc) ప్రాంతాల క్రూ బుర్జువా (అక్కడి తోటలకిచ్చే ఒక శ్రేణి పేరు) సీసాలు దాచడానికి ఇంకా నమ్మకమైనవి. పంట పండిన ఏడు కూడా చూడాలి. 2018, 2019, 2020 వరుసగా మంచివి. వానలతో పండు సరిగా పక్వానికి రాని 2013 ఎవరైనా చవకగా ఇచ్చినా వద్దనండి. బోర్డో తాగేవారు తగ్గిపోయి, 2023లో ప్రభుత్వ సాయంతో వేల హెక్టార్ల తోటలు పీకేసే పథకం వచ్చేంత కష్టంలో అక్కడి రైతులు ఉన్నారు. శ్రద్ధగా చేసిన వైన్ కూడా ఇంత తక్కువ ధరకు దొరకడం వెనుక ఆ బాధ ఉంది.

కొనే ముందు ఎవరి మాటా వినకుండా మీకు మీరే తేల్చుకునే పద్ధతి ఒకటుంది. ఒకే ఒక్క సీసా కొని, సగం తాగి, బిరడా పెట్టి మిగతా సగం వంటింట్లో చల్లని మూల ఉంచండి. మర్నాడు సాయంత్రం రుచి చూడండి. మొదటి రోజు కంటే పండు బయటికి వచ్చి, వగరు సర్దుకుని బాగుందనిపిస్తే మరో ఐదు సీసాలు కొనుక్కోవచ్చు. నీరసపడి, చప్పబడితే దాచే ఆలోచన మానుకోండి. పైన చెప్పిన రెండింటిలో మూడో రోజుకి కూడా నిలిచింది బోర్డోయే.

నైరుతి ఫ్రాన్స్‌లోని మాదిరాన్ గురించీ కొందరు అడుగుతారు. తన్నా అనే ద్రాక్షతో చేసే ఆ వైన్‌లో వగరుకు కొదవ లేదు. ఓపిక ఉన్నవారికి మంచిదే. దక్షిణ ఫ్రాన్స్ వైన్లైన కోర్బియేర్, మినెర్వువా చవకగా దొరుకుతాయి, బాగుంటాయి, కొన్న ఏడాదే తాగేయండి.

ఏది కొన్నా దాచే చోటు సరిగా లేకపోతే ఈ లెక్కలన్నీ వృథా. మా పాత భవనంలో ప్రతి ఇంటికీ నేల కింద ఒక చిన్న కొట్టు ఉంది; అక్కడ చలికాలంలో పన్నెండు డిగ్రీలు, నడి వేసవిలో పదిహేడు. ఆ మార్పు కూడా నెలల మీద మెల్లగా వస్తుంది కనుక సీసాలకు హాని లేదు. అలాంటి కొట్టు లేని కొత్త అపార్ట్‌మెంట్లలో వేడి గొట్టాల పక్కన అలమరలో పెడితే ఏ బోర్డో అయినా మూడేళ్లకే ముసలిదవుతుంది. సెలవులకు ఇంటికి వెళుతూ నాన్నగారి కోసమో, బావగారి కోసమో సీసా తీసుకెళ్లేవారికి మరీ మరీ చెబుతున్నాను: హైదరాబాదులోనో విజయవాడలోనో నలభై డిగ్రీలు దాటే ఎండాకాలంలో ఏసీ లేని గదిలో ఆ సీసాను దాచవద్దు. అక్కడికి కోట్ దు రోనే తీసుకెళ్లండి, వెళ్లిన వారంలోనే అందరూ కలిసి తాగేయండి.

దాచిన బోర్డో తీసేటప్పుడు ముందు రోజే సీసాను నిలబెట్టండి, మడ్డి అడుగుకు దిగుతుంది. దీపం వెలుగు సీసా మెడ వెనుక నుంచి పడేలా పట్టుకుని, మరో పాత్రలోకి మెల్లగా వంచుతూ మడ్డి మెడ దాకా రాగానే ఆపేయండి. అడుగున మిగిలే ఆ అర గ్లాసు కోసం ఆశపడితే మొత్తం వైన్ చేదెక్కుతుంది. నా కొట్టులో 2016వి ఇంకా రెండు ఉన్నాయి. ఒకటి ఈ చలికాలంలో తెరుస్తాను. దానిలో పండు ఇంకా ఇలాగే నిలిచి ఉంటే రెండోదాన్ని మరో మూడేళ్లు కదపను.