రెండేళ్లు జూనియర్‌గా, రెండేళ్లు మెంటార్‌గా: యూనివర్సిటీ మెంటారింగ్‌తో నా నాలుగేళ్లు

చేరిన మొదటి వారంలోనే నాకో సీనియర్‌ను మెంటార్‌గా అంటగట్టారు. అంటగట్టారనే అంటాను, కావాలా అని నన్నెవరూ అడగలేదు మరి. తర్వాత రెండేళ్లకు నేనే మెంటార్‌నయ్యాను. అందుకే రెండు వైపుల సంగతీ రాస్తున్నా.

మొదటి ఇంటర్నల్స్‌లో లెక్కల్లో ముప్పైకి ఏడు వచ్చాయి. మా మెంటార్ అక్క ధైర్యం చెబుతుందనుకుంటే, "నోట్స్ తియ్యి" అంది. ఎక్కడిదాకా అర్థమైందో అక్కడ పెన్సిల్‌తో గీత గియ్యమంది. పేజీలు వెనక్కి తిప్పుకుంటూ పోతే గీత రెండో వారం పాఠం దగ్గర పడింది. ఆపైనవన్నీ బోర్డు మీదవి ఊరికే ఎక్కించుకున్న పేజీలే. తను ఒక్క లెక్కా చేసిపెట్టలేదు. "తర్వాత ఏం చేస్తావ్?" అని అడిగి ఊరుకునేది. అప్పట్లో ఒళ్లు మండేది.

దీనికి సప్లిమెంటల్ ఇన్‌స్ట్రక్షన్ అని పేరుందనీ, 1973లో అమెరికాలో మిస్సోరీ యూనివర్సిటీ కాన్సస్ సిటీ క్యాంపస్‌లో మొదలైందనీ నేను మెంటార్‌నయ్యాకే తెలిసింది. క్లాసు బయట జరిగే ఈ సెషన్లలో సీనియర్ మళ్లీ పాఠం చెప్పకూడదు. ఇంకోటి, మార్కులు తగ్గినవాళ్లను ఏరడం కాదు, ఎక్కువమంది తప్పే సబ్జెక్టును ఎంచుకోవాలి. అప్పుడు సెషన్‌కు వెళ్లినవాడిని ఎవరూ మొద్దు అనుకోరు. మావాళ్లు సరిగ్గా ఇక్కడే బోల్తాపడ్డారు. బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్ల పేర్లు నోటీసు బోర్డుకెక్కించి సాయంత్రం రమ్మన్నారు. ఇద్దరొచ్చారు. తర్వాతి సెమిస్టర్‌లో పేర్లు తీసేసి సబ్జెక్టు పేరొక్కటే రాస్తే కుర్చీలు చాల్లేదు.

ఇష్టాయిష్టాలు అడిగి జతలు కలిపే ఫారం మాత్రం శుద్ధ దండగ. నాకూ నా మొదటి జూనియర్‌కూ క్రికెట్ కలిసింది, టైమ్ టేబుల్ కలవలేదు. సెమిస్టర్ మొత్తమ్మీద మూడుసార్లు కలిశాం. వాట్సాప్ గ్రూప్ సంగతి చెప్పనే అక్కర్లేదు, రెండు వారాలు పలకరింపులు, ఆ తర్వాత పోస్టర్లు. రెండో ఏడాది అవన్నీ పక్కనపెట్టి, గురువారం మధ్యాహ్నం లైబ్రరీ మెట్ల దగ్గర ఉంటానని చెప్పేశాను. ఎవరొచ్చినా రాకపోయినా కూర్చునేవాణ్ణి. జనం రావడం అప్పుడే మొదలైంది.

వాళ్లలో ఒకడు ఎప్పుడడిగినా "బాగానే ఉన్నానన్నా" అనేవాడు. ఆరు వారాలు నమ్మాను. ఏడో వారం ప్రశ్న మార్చి, "నిన్న లేచిన దగ్గర్నుంచి ఏమేం చేశావో చెప్పు" అన్నాను. లేచింది సాయంత్రం నాలుగింటికట. క్లాసుకెళ్లి ఇరవై రోజులైందట. "ఎవరికీ చెప్పకన్నా" అన్నాడు. సరేనన్నాను. నా నాలుగేళ్లలో చేసిన పెద్ద తప్పు అదే. రెండు రోజులు నాకూ నిద్ర లేదు. చివరికి వాడి దగ్గరికే వెళ్లి, "ఆ మాట నిలబెట్టుకోలేనురా, కౌన్సెలర్ దగ్గరికి ఇద్దరం వెళ్దాం" అని బతిమాలాను. వచ్చాడు. తలుపు బయట గంటసేపు కూర్చున్నాను.

మాకిచ్చిన శిక్షణ ఒక పూట, అదీ స్లైడ్లే. విన్నది ఎప్పుడు పైవాళ్లకు చెప్పాలో ఒక్క ముక్క లేదు. 1970లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో మొదలైన నైట్‌లైన్‌లో విద్యార్థులే రాత్రిళ్లు ఫోన్లు ఎత్తుతారు, సలహాలివ్వరు, వింటారంతే. వినడానికి కూడా ముందు శిక్షణ ఇచ్చే కూర్చోబెడతారు. మాకు అందులో సగం ఇచ్చినా నేనలా నోరు జారేవాణ్ణి కాదు.

నెలనెలా నింపే రిపోర్టులో "సమస్య పరిష్కారమైందా?" అని ఓ ప్రశ్న ఉండేది, జవాబు అవును లేదా కాదు. ఆ కుర్రాడి విషయంలో ఖాళీగా వదిలేస్తే ఫారం ముందుకు కదల్లేదు. 'కాదు' నొక్కాను. కారణం యాభై అక్షరాలకు మించకుండా రాయమంది.