కుక్కను జర్మనీకి పంపిస్తామన్న ఏజెంటు టీకా తేదీనే దిద్దాడు, జాగ్రత్త

పెంపుడు జంతువులను విదేశాలకు చేరవేస్తామని హైదరాబాదులో ప్రకటనలిచ్చే ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. విదేశాలకు వెళ్ళబోయేవారి వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నవారికి అది ఎవరిదో వేరే చెప్పనక్కరలేదు. ఉద్యోగరీత్యా ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్తున్న మేము మా కుక్క బుజ్జి కాగితాల పని మొత్తం వారికే అప్పగించి, లక్ష రూపాయలకు పైగా ముందుగానే చెల్లించాము. ప్రయాణం దగ్గర పడ్డాక, దేశం దాటే జంతువుల కాగితాలు పరిశీలించే, శంషాబాదులోని జంతు క్వారంటైన్ కార్యాలయంలో అసలు సంగతి బయటపడింది.

మన దేశం నుంచి ఐరోపా సమాఖ్య దేశాలకు కుక్కను తీసుకువెళ్ళాలంటే ముందు మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) వేయించి, ఆ తరువాతే రేబిస్ టీకా వేయించాలి. చిప్‌కు ముందు వేసిన టీకా అక్కడ చెల్లదు. టీకా వేశాక కనీసం 30 రోజులు ఆగి రక్తం తీసి, సమాఖ్య గుర్తించిన ప్రయోగశాలలో టైటర్ పరీక్ష, అంటే రక్తంలో రేబిస్ ప్రతిరక్షకాలు ఎంత ఉన్నాయో చూసే పరీక్ష, చేయించాలి. అందులో ప్రతిరక్షకాలు మిల్లీలీటరుకు కనీసం 0.5 ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు) అయినా రావాలి. వచ్చినా, రక్తం తీసిన రోజు నుంచి మరో 3 నెలలు ఆగాలి. అంటే చిప్, టీకాల వరుస తప్పితే దాని మీద జరిగిన పనంతా వృథా.

కార్యాలయంలోని అధికారి టీకా పుస్తకాన్ని, చిప్ ధ్రువపత్రాన్ని పక్కపక్కన పెట్టి చూశారు. చిప్ వేసింది 11వ తేదీన. పుస్తకంలో టీకా తేదీ 16 అని ఉంది. కానీ ఆ 16లోని ఒకటి తక్కిన అంకెలకంటే ముదురు నీలం సిరాతో, గడి గీతకు ఆనుకుని, ఇరికించినట్లు ఉంది. ప్రయోగశాలకు పంపిన దరఖాస్తు నకలు తీయమన్నారు. అందులో టీకా తేదీ స్పష్టంగా 6 అనే ఉంది. ఆయన గొంతు పెంచకుండా, "అమ్మా, దీని మీద నేను సంతకం చేయలేను, అక్కడ దిగాక మీ కుక్కనే ఆపేస్తారు" అన్నారు.

అక్కడి నుంచే ఏజెంటుకు ఫోన్ చేశాను. చిప్ సరుకు సమయానికి రాలేదని, ఆలస్యం కాకూడదని టీకా ముందే వేయించేశామని, తేదీ సంగతి ఎవరూ అంతగా చూడరని చెప్పాడు. మరి మా డబ్బు, మా ప్రయాణం ఏం కావాలని అడిగితే అతను అన్న మాట ఇది: "రోడ్డు మీద దొరికిన కుక్కే కదా మేడమ్, అక్కడికి వెళ్ళాక మంచి జాతిది ఒకటి కొనుక్కోండి." బుజ్జి వీధికుక్క పిల్లగా మా ఇంటికి వచ్చిన మాట నిజమే. ఆ సంగతి మొదటి రోజు అతనికి మేమే చెప్పాము. అప్పుడు దాని తల నిమిరి, నవ్వుతూ అడ్వాన్సు తీసుకున్న మనిషి అతను. డబ్బు పోయినందుకు కలిగిన బాధ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చేతులు వణుకుతున్నాయి.

ఉద్యోగంలో చేరే తేదీ మారదు కనుక బుజ్జిని హనుమకొండలో మా అమ్మ దగ్గర వదిలి బయలుదేరుతున్నాము. టీకా మళ్ళీ వేయించాము, రక్తపరీక్షకు, ఆ తరువాతి 3 నెలలకు ఎదురుచూడాలి. పైగా యజమాని ప్రయాణానికి 5 రోజుల లోపు ముందో వెనుకో కుక్క ప్రయాణిస్తేనే సొంత పెంపుడు జంతువు కింద అనుమతిస్తారు. లేకపోతే వాణిజ్య రవాణా నిబంధనలు వర్తిస్తాయి. అందువల్ల దాని కోసం మాలో ఒకరు తిరిగి రావలసిందే.

మీరు ఎవరికి పని అప్పగించినా చిప్ వేసేటప్పుడూ టీకా వేసేటప్పుడూ దగ్గరుండండి. టీకా వేసే ముందు స్కానర్‌తో చిప్ నంబరు చదివించి, ఆ 15 అంకెలను పుస్తకంలో మీ కళ్ళెదుటే రాయించుకోండి. ప్రతి కాగితాన్నీ అదే రోజు ఫోటో తీసుకోండి. ఆ సంస్థ డబ్బు తిరిగి ఇవ్వనంటోంది, నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. వారి చేతిలో ఇలాగే నష్టపోయినవారు ఉంటే రసీదులు, సందేశాలు చెరపకుండా ఉంచి మీరూ ఫిర్యాదు చేయండి.