ఫ్లాష్ లేకుండా చేపల క్లోజప్: ఫోనా, ట్యూబులా, మాక్రో లెన్సా?

లెన్సు సంగతి తర్వాత. ముందు ఒక స్కేలు తీసుకుని, మీరు తీయాలనుకున్న ప్రాణి అక్వేరియం గాజుకు ఎంత దూరంలో తిరుగుతుందో చూడండి. చెర్రీ రొయ్య గాజు మీదే పాకుతుంది. నత్తా అంతే. బెట్టా చేప కుతూహలంతో ముందుకొస్తుంది. నియాన్ టెట్రా చేపల గుంపు మాత్రం ట్యాంకు మధ్యను వదలదు. ఏది మేలన్న ప్రశ్నకు సగం జవాబు ఈ దూరంలోనే ఉంది. మిగతా సగం వెలుతురులో ఉంది.

ఫోనుకు తగిలించే క్లిప్ లెన్సు చవక. 10ఎక్స్, 15ఎక్స్ రకాలు ఫోకస్ అయ్యేది 2, 3 సెం.మీ. దూరంలోనే. అందులో గాజు మందమే 5 మి.మీ. తినేస్తుంది. కాబట్టి గాజుకు అంటుకుని ఉన్న రొయ్య, నత్త గుడ్లు, ఆకు మీది నాచు వరకు ఇది భేష్. చేప అరచేయంత వెనక్కి జరిగిందంటే చేసేదేమీ లేదు. ఫోనుల్లో విడిగా ఇచ్చే 2 మెగాపిక్సెల్ 'మాక్రో' కెమెరాను లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. దానికన్నా ప్రధాన కెమెరాను 10 సెం.మీ. దూరంలో పెట్టి, 2ఎక్స్ జూమ్ చేసి, తెర మీద వేలు నొక్కి పట్టి ఫోకస్‌ను లాక్ చేస్తే మంచి ఫొటో వస్తుంది.

కెమెరా ఇప్పటికే ఉన్నవాళ్ళకు 50 మి.మీ. లెన్సు వెనక ఎక్స్‌టెన్షన్ ట్యూబు (లోపల అద్దాలు లేని ఖాళీ గొట్టం) బిగించడం డబ్బుకు తగ్గ దారి. ట్యూబు పొడవును లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే సెన్సర్ (కెమెరా లోపల బొమ్మ పడే పలక) మీద ప్రాణి దాని అసలు సైజులో ఎన్నో వంతుగా పడుతుందో తెలుస్తుంది. 12 మి.మీ. ట్యూబుతో పావు వంతు సైజు, 20తో 0.4 వంతు, 36తో దాదాపు ముప్పావు. బెట్టా మొత్తం రావాలంటే 12, రొయ్య కళ్ళు కావాలంటే 36. 36 పెట్టినప్పుడు లెన్సు ముందు మిగిలే దూరం అరచేయంత కూడా ఉండదు. ట్యూబు కొనేటప్పుడు లోపల ఎలక్ట్రిక్ కాంటాక్టులు ఉన్నాయా అని తప్పక చూడండి. కాంటాక్టులు లేని చవక ట్యూబులో కానన్ ఈఎఫ్ లెన్సు అపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచే ఉంటుంది, నికాన్ జీ రకం లెన్సు పూర్తిగా మూసుకుపోతుంది. రెంటితోనూ తిప్పలే.

దగ్గరి వాటిని పెద్దగా తీయడానికే చేసిన 90, 100 మి.మీ. అసలు మాక్రో లెన్సు ఖరీదెక్కువ. అయితే నిండు సైజులో, అంటే ప్రాణి అసలు సైజులోనే సెన్సర్ మీద పడేలా తీసేటప్పుడు కూడా లెన్సు ముందు 13, 14 సెం.మీ. ఖాళీ మిగులుతుంది. పైగా నీళ్ళు కలిసొస్తాయి: గాజు వెనక 8 సెం.మీ.లో ఉన్న చేప కెమెరాకు 6 సెం.మీ.లో ఉన్నట్టే. టెట్రాలకు, గప్పీ చేపలకు ఇదే. కాకపోతే నిండు సైజు దగ్గర అపర్చర్‌ను ఎఫ్/8 అని పెట్టినా (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గుతుంది) అందే వెలుతురు ఎఫ్/16 పాటిదే. స్పష్టంగా వచ్చే లోతు మిల్లీమీటరు లోపే. అందుకే అంత దగ్గరికి పోకుండా సగం సైజులో తీసి, తర్వాత కత్తిరించుకోవడం తెలివైన పని.

ఇక వెలుతురు. చాలామంది డబ్బంతా లెన్సుకు పెట్టి చెడేది ఇక్కడే. ఫ్లాష్ వద్దనుకున్నది గాజు మీది మెరుపు, నీళ్ళలో తేలే నలకల తెల్లచుక్కలు, పొలుసుల మీద పడే వెండి మరకల వల్లే. కానీ దాని బదులు ట్యాంకు మూతలోని లైటుతో సరిపెట్టుకుంటే చేప వీపు తెల్లబోతుంది, పొట్ట చీకటవుతుంది.

కిటికీ వెలుతురా, ఎల్‌ఈడీ పట్టీనా? తిరుపతిలో కొండ వైపు కిటికీ అంటే ఉత్తరం కిటికీ. మామూలు రోజుల్లో అక్కడ ఎండ నేరుగా పడదు, వెలుగు మెత్తగా ఉంటుంది. ఏప్రిల్ చివర నుంచి ఆగస్టు మధ్య దాకా మాత్రం మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగానే ఉంటాడు, అప్పుడు అటువైపూ ఎండ తొంగిచూస్తుంది. ఆ వెలుతురు నత్తలకు, మొక్కలకు చాలు. కదిలే చేపకు చాలదు. మే ఎండలో ట్యాంకును కిటికీ పక్కకు జరపడం అంతకన్నా తప్పు, నీళ్ళు కాగుతాయి. హాలోజన్ ఫోకస్ లైటుదీ అదే పాపం.

కాబట్టి ఎల్‌ఈడీనే. అందులోనూ రెండు రకాలు. ఇంటి కరెంటుతో నేరుగా వెలిగే చవక బల్బు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. కంటికి తెలియదు గానీ, షట్టర్ తెరిచి ఉండే సమయం 1/200 సెకను పెడితే ఫొటోలో అడ్డగీతలు పడతాయి. 1/100 లేదా 1/50కి దిగితే గీతలు పోతాయి, కానీ గప్పీ తోక చెదిరిపోతుంది. 12 వోల్టుల అడాప్టర్ మీద నడిచే పట్టీకీ, పవర్ బ్యాంకుకు తగిలించే పట్టీకీ ఆ బాధ తక్కువ. వెలుగు తగ్గించే డిమ్మర్ మాత్రం పెట్టొద్దు, అది మళ్ళీ మినుకు తెస్తుంది. కొన్న లైటును ఫోను స్లో మోషన్‌లో ఒకసారి తీసి చూస్తే గుట్టు తెలిసిపోతుంది.

పట్టీలు రెండు, నీటికి 5 నుంచి 10 సెం.మీ. పైన, ముందు గాజు వైపుకు జరిపి పెట్టండి. మధ్యలో పల్చటి తెల్ల కాగితం గానీ పాల రంగు అక్రిలిక్ ముక్క గానీ అడ్డం పెట్టాలి. అడుగున తెల్ల ఇసుక ఉంటే పొట్ట కిందకీ వెలుగు తిరిగొస్తుంది. అడాప్టర్ ట్యాంకు మీద కాదు, దూరంగా. వైరు కిందికి వంపు తిరిగి ప్లగ్గుకు చేరేలా ఉండాలి, నీటి చుక్క జారినా అక్కడే రాలిపోతుంది. ఈ ఏర్పాటుతో ఎఫ్/8, 1/200, ఐఎస్‌ఓ (సెన్సర్ వెలుతురును ఎంతగా పట్టుకోవాలో చెప్పే అంకె) 1600 నుంచి మొదలుపెట్టొచ్చు. బెట్టా ఊరకే నిలబడితే 1/125 చాలు. ఐఎస్‌ఓ 3200కి భయపడొద్దు. నాయిస్‌ను (ఫొటోలో కనిపించే చుక్కల గరుకును) తర్వాత తగ్గించుకోవచ్చు, చెదిరిన కన్నును ఎవరూ బాగుచేయలేరు.

గాజు మీది ప్రతిబింబాలకు మందు: గదిలో లైట్లన్నీ ఆర్పి, లెన్సుకు రబ్బరు హుడ్ తొడిగి గాజుకు ఆనించడం. ఫోనైతే చుట్టూ నల్లగుడ్డ. ఏటవాలుగా తీస్తే రంగులు అంచుల్లో విడిపోతాయి, గాజుకు సరిగ్గా ఎదురుగా నేరుగా తీయాల్సిందే. బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో గాజు బయట పట్టే తెల్ల చారలను వెనిగర్ తడిపిన గుడ్డతో తుడవాలి, ఆ చుక్క ట్యాంకులో పడకుండా. నీళ్ళు మార్చిన రోజే తీస్తే గాజు నిండా బుడగలే, ఒక రోజు ఆగండి. తీయడానికి పది నిమిషాల ముందు ఫిల్టర్ ఆపితే నలకలు అడుగుకు దిగుతాయి. పని కాగానే మళ్ళీ వేయడం మరిచిపోవద్దు.

చేప దగ్గరికి రాకపోతే లెన్సు మార్చేకన్నా, ముందు గాజుకు 5, 6 సెం.మీ. వెనక అంచులు నూరిన మరో గాజు పలకను నిలబెట్టి చేపను ఆ సందులోకి తేవచ్చు. పావుగంటకు మించి ఉంచకూడదు. అలా చేస్తే టెట్రా కూడా 50 మి.మీ. లెన్సు, 20 మి.మీ. ట్యూబుకు దొరుకుతుంది. ఇక 100 మి.మీ. మాక్రో కొనాల్సింది, చేపను కదిలించకుండా ఉన్నచోటే తీయాలన్న పట్టుదల ఉన్నవాళ్ళు మాత్రమే.