లండన్‌లో కంపెనీ కాలపు కోతుల బొమ్మలు: ఎక్కడ చూడాలి, ఎక్కడ దిగాలి

ఈస్టిండియా కంపెనీ అధికారులు మన చిత్రకారులతో వేయించిన కోతులు, కొండముచ్చుల నీటిరంగుల బొమ్మలు చూడాలంటే లండన్‌లో రెండు చోట్లకు వెళ్లాలి. రెండు రోజులే ఉంటే మొదటిది బ్రిటిష్ లైబ్రరీకి ఇవ్వండి. గవర్నర్ జనరల్ వెల్లెస్లీ పేరిట ఉన్న 2,600 పైచిలుకు బొమ్మల సంపుటాలు అక్కడే ఉన్నాయి. కలకత్తా దగ్గరి బారక్‌పూర్ జంతుశాలలో కంపెనీ వైద్యుడు, ప్రకృతి శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ బుకానన్ కోసం గీసిన హలుదార్ అనే బెంగాలీ చిత్రకారుడి పేరు నిలవడం అరుదైన అదృష్టం. మిగతావాళ్లలో చాలామంది పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు.

లైబ్రరీ చదువుగదుల్లోకి వెళ్లడానికి కావాల్సిన రీడర్ పాస్ ఉచితం. సంతకం ఉన్న గుర్తింపు ఒకటి, ఇంటి చిరునామా రుజువు ఒకటి, రెండూ అసలువే తీసుకెళ్లాలి. చాలామంది చిరునామా రుజువు మరచిపోయి ఒక పూట పోగొట్టుకుంటారు. చూడాల్సింది మూడో అంతస్తులోని ఆసియా, ఆఫ్రికా అధ్యయనాల గదిలో. పెన్ను, సంచి, మంచినీళ్లు లోపలికి రానివ్వరు. పెన్సిల్ చాలు. 2023 అక్టోబరు సైబర్ దాడి అక్కడి కేటలాగును బాగా దెబ్బతీసింది కాబట్టి, ముందే ఈమెయిల్ రాసి బొమ్మలు అందుబాటులో ఉన్నాయో లేదో కనుక్కోండి. ఈ బొమ్మలకు మిల్‌డ్రెడ్ ఆర్చర్ అనే కళా చరిత్రకారిణి తయారుచేసిన 1962 నాటి ముద్రిత కేటలాగులోంచి 'ఎన్‌హెచ్‌డి' (నేచురల్ హిస్టరీ డ్రాయింగ్స్) సంఖ్యలు రాసిస్తే సిబ్బందికి పని తేలిక.

బొమ్మ ముందు కూర్చున్నాక తొందరపడి జాతి నిర్ణయించొద్దు. సీసపు తెల్లరంగు గాలిలోని గంధకంతో కలిసి నల్లబడుతుంది. కొండముచ్చు ముఖం చుట్టూ తెల్లగా ఉండాల్సిన వెంట్రుకలు నల్లగా కనిపిస్తే, కాగితాన్ని కదపకుండా మీరే పక్కకు వంగి చూడండి. నలుపు కుంచె గీతల్లోనే ఉండి కాస్త లోహపు మెరుపు కొడుతుంటే అది రంగు పాడవడమే, జంతువు లక్షణం కాదు. బతికున్న జంతువును కాక, చనిపోయినదాని చర్మాన్ని చూసి గీసిన బొమ్మలో ముఖం రంగును అసలు నమ్మకూడదు. చనిపోయాక అదే ముందు మారుతుంది. తేదీ కోసం నీటిగుర్తు (వాటర్‌మార్క్, కాగితాన్ని వెలుగుకు పట్టి చూస్తే కనిపించే తయారీ గుర్తు) చూపమని అడగండి. వాట్మన్ అనే ఇంగ్లండు తయారీదారు కాగితంలో 1794 ఉంటే బొమ్మ అంతకు ముందుది కాదు. ఎన్నేళ్ల తర్వాతిదో మాత్రం అది చెప్పదు.

రెండో రోజు సౌత్ కెన్సింగ్టన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం గ్రంథాలయం. 1835లో చనిపోయిన కంపెనీ సైనికాధికారి థామస్ హార్డ్‌విక్ వీలునామాలో రాసిచ్చిన దాదాపు 4,500 బొమ్మలు ఇక్కడికే చేరాయి. అపాయింట్‌మెంట్ తప్పనిసరి. మ్యూజియం ప్రవేశం ఉచితమే కదా అని నేరుగా వెళ్తే రద్దీ గ్యాలరీలే మిగులుతాయి.

బసకు సౌత్ కెన్సింగ్టన్ ఖరీదు. యూస్టన్ రోడ్డు వైపు హాస్టళ్లు, చిన్న హోటళ్లు మేలు. లైబ్రరీకి నడిచే దూరం, కింగ్స్ క్రాస్ నుంచి మ్యూజియానికి పికాడిలీ లైన్‌లో రైలు మారక్కర్లేదు, హీత్రో నుంచీ అదే లైను. రోడ్డు మీది గదుల్లో రాత్రంతా వాహనాల మోత కాబట్టి వెనకవైపు గది అడగండి. శాకాహారులకు యూస్టన్ స్టేషను పక్కనే డ్రమండ్ వీధి ఉంది, అక్కడ దోసె దొరుకుతుంది.